పాలెగాడి కోటు ఉతికిన ఆదివారం

ఆదివారం, పొద్దున పదిన్నర గంటలు. నంద్యాలలో నాటకం వాళ్లు రిహార్సలుకని బాడుగకు తీసుకున్న పాత ఇంటి పెరట్లో, కొళాయి పక్కన, బేతంచెర్ల బండ మీద కూచొని పాలెగాడి కోటును నేను నీళ్లలో ముంచినాను. టైము ఇంత కరెక్టుగా ఎందుకు రాస్తాండానంటే, తర్వాత దాన్ని ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పుకున్నారు. కోటు చెయ్యిజారి బకెట్లో పడిందని కొందరు. ముసలిదానికి కోపమొచ్చి పారేసిందని కొందరు. చెయ్యీ జారలేదు, పారేయనూ లేదు. రెండు చేతులా పట్టుకొని, అందరూ చూస్తాండంగా, సబ్బు పక్కన పెట్టుకొని ముంచినాను.

"అక్కా, వద్దు!" అని హార్మోనియం మేస్త్రి అరిచినాడు. నాటకానికి పెద్ద ఆయనే. "రాజు కోటు అది!"

"రాజుకు చెమట పట్టదా అప్పా?" అన్నాను.

ఆ మాట దాకా వచ్చేదానికి ముందు శానా జరిగింది. అది చెప్పాల.

నాది ఆళ్లగడ్డ. మాది సాయిబుల్లో దర్జీల ఇల్లు. నాటకాల డ్రెస్సులు కుట్టి బాడుగకిచ్చే అంగడి మా ఆయనది, ఆయన పోయినాక నాది. రాజులు, మంత్రులు, సేనాపతులు, రాణులు, అందరూ మా ఇంట్లో ఇనుప పెట్టెల్లో మడతలు పెట్టుకొని పండుకొని ఉంటారు. తిరునాళ్లొస్తే లేస్తారు. సంజామల పక్క పల్లెల్లోనో, బండి ఆత్మకూరు పక్కనో ఆడి, తెల్లారినాక బస్సెక్కి మళ్లీ నా కాడికే వస్తారు.

వచ్చేటప్పుడు వాళ్ల కంపు నాకు తెలుసు. మీకు తెలీదు. మీరు స్టేజీ ముందర చాప మీద కూచొని చూస్తారు, మెరుపు కనపడుతుంది. పెట్టె మూత తీసేది నేను. ముఖమల్ గుడ్డలో ఎవరెవరి చెమటో. మెడ కాడ మొగానికి పూసిన రంగు. చంకల కింద ఉప్పు తెల్లగా చారలు చారలు. బీడీ వాసన, సారా వాసన. దాని మీద మా ఆయన అత్తరు చల్లేవాడు. సాంబ్రాణి పొగ పట్టేవాడు. ఎండలో వేసేవాడు. నీళ్లు మాత్రం తగలనిచ్చేవాడు కాదు.

వేషం బట్టలు ఉతకరాదు. మా పనిలో అది చట్టం. ఎవరు పెట్టినారో ఎవరికీ తెలీదు. ఉతికితే కళ పోతుందంటారు. నాటకానికి ముందు పెట్టెకు టెంకాయ కొట్టి, హారతిచ్చి, కండ్లకద్దుకొని బట్ట బయటికి తీస్తారు. అట్లాంటిదాన్ని లుంగీలతో, దుప్పట్లతో కలిపి బండకేసి బాదుతారా అంటారు. నేనూ శానా ఏండ్లు ఊరికే ఉన్నాను. భక్తితో కాదు, కుట్టేదాన్ని కాబట్టి. ఆ కోట్ల లోపల ఏముందో నాకు తెలుసు. అట్టముక్కలు, మైదా జిగురు, బక్రమనే బిరుసు గుడ్డ, అంటించిన చమ్కీలు, రంగు నిలవని గుడ్డ. నీళ్లు తగిలితే రాజు ముద్దపప్పయిపోతాడు. పొయ్యేది కళ కాదు, జిగురు. జిగురు పోతుందని చెప్పేదానికి సిగ్గేసి, దానికి కళ అని పేరు పెట్టినారు.

ఇంక ఊరికే ఉండకూడదు అనిపించింది ఒక ఆడమనిషి మెడ చూసినప్పుడు.

ఆమెది నంద్యాల. రాణి వేషాలు కడుతుంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఇంటి బాడుగ, కూతురి చదువు, తల్లికి మందులు, అన్నీ ఆ వేషాల మీదనే. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. అప్పటికే నాకు అరవై దాటినాయి. డ్రెస్సు సరిచేయించుకునేదానికి ఆళ్లగడ్డకు వచ్చినప్పుడల్లా, నేను గుడ్డ మీద గీసే సుద్దనే నా చేతికిచ్చి, కత్తిరించి మిగిలిన పేలికల మీద దిద్దించేది. "కత్తెర పట్టిన చెయ్యి పెద్దమ్మా, మాట వినదు. అక్షరాన్ని కూడా కొలత పెట్టి కోస్తాండావు" అని నవ్వేది. రాసిన పేలికలతోనే దిండ్లు కుట్టినాను. ఇప్పుడు ఇది రాస్తాండేది ఆమె దిద్దించిన రాతతోనే.

ఆ యేడు మేస్త్రి కొత్త నాటకం ఎత్తుకున్నాడు. పాలెగాళ్ల కాలం కథ. ఒక పాలెగాడు, ఆయన భార్య, కోట, యుద్ధం. మొగుడు పడిపోయినాక కత్తి పట్టుకొని కోట గుమ్మంలో నిలబడేది భార్య. ఆ వేషం ఈమెది. ఎండాకాలం తిరునాళ్లలో ఊరూరా అదే ఆడేదానికి మేస్త్రి ఒప్పుకొని ఉన్నాడు. ఆ వేషం చేతిలో ఉంటే ఆమెకు ఏడాది గడుస్తుంది. పోతే గడవదు.

ఒకనాడు వచ్చి నా మిషన్ పక్కన కూచొని కొంగు తీసింది. ముఖమల్ రవిక అంచు యాడిదాకా తగులుతుందో ఆడిదాకా, సుద్దతో గీత గీసినట్టు, మెడ చుట్టూ పుండ్లు. చంకల కింద ఇంకా ఘోరం.

"డాక్టరమ్మ ఏమనింది?" అన్నాను.

"ఆ బట్ట మళ్లీ తొడిగితే నా కాడికి రావద్దనింది."

"మేస్త్రికి చెప్పినావా?"

"చెప్పినా. పౌడరు పూసుకొని తొడుక్కోమన్నాడు. తొడగలేను అన్నా. తొడగలేనోళ్లకు వేషం యాడిది అన్నాడు. తిరునాళ్లు మొదలయ్యే లోపల ఏందో తేల్చుకోమన్నాడు. లేకుంటే కర్నూలు నుంచి ఇంకో ఆమెను పిలిపిస్తాడంట."

ఆమె ఏడ్వలేదు. నేనూ ఓదార్చలేదు. ఓదార్పుతో పుండు మానుతుందా?

"కొత్తవి కుడతా" అన్నాను. "నీకూ, పాలెగాడికీ. ఉతుక్కునేవి."

"రాజుల బట్టలు ఉతికేవా? మేస్త్రి చంపుతాడు."

"ఆ కాలంలో పాలెగాడి పెండ్లాం బట్టలు ఉతుక్కోలేదా మే? నిజం పాలెగాడు ఈ ఎండకు ముఖమల్ వేసుకొని తిరిగినాడా? నూలు గుడ్డ కట్టింటాడు. ఉతికి, గంజి పెట్టి కట్టింటాడు. మనమే ఆయనకు పట్టుబట్టి కంపు పట్టించినాం."

ముందు ఆమె రవికే కుట్టినాను. ముదురు ఆకుపచ్చ నూలు గుడ్డ. కత్తిరించక ముందే గుడ్డను తడిపి ఆరేసినాను. లోపలి లైనింగునూ తడిపినాను. కురచయ్యేదేదో ముందే అయిపోతుంది కదా. బంగారు లేసును మాత్రం తడపలేదు. లేసును ఎవరు తడుపుతారు? కుట్టినాక ఉతికి ఆరేస్తే, గుడ్డ గుడ్డలెక్కనే ఉంది, లేసు ఒక్కటే కురచయిపోయి, మెడ అంచంతా గుంజుకొని, కాల్చిన అప్పడం మాదిరి లేచి నిలబడింది. ఆమె తొడుక్కొని అద్దం ముందర నిలబడి, నవ్వు ఆపుకోలేక కూలబడింది.

"పెద్దమ్మా, పాలెగాడి పెండ్లాన్ని పీక పట్టుకొని పైకెత్తినట్టుంది."

ఈ సంగతి మేస్త్రి చెవిన పడింది. ఫోను చేసినాడు. "చూసినావా అక్కా, కళ ఒప్పుకోలేదు."

"కళకేం నొప్పి అప్పా? లేసు కురచయింది" అని పెట్టేసినాను.

అప్పుడు పట్టింది నాకు మొండి. లేసు తడిపినా. దారం తడిపినా. నాడా తడిపినా. నంద్యాలకు పోయి, తెలిసిన బట్టల అంగడాయన్ను అడిగినా, "అన్నా, ఈ మెరూన్ గుడ్డ ఒక మూర కొయ్యి. ఇంటికి తీసకపోయి ఉతికి చూసి, నచ్చితే తానుకు తాను కొంటా."

"ఉతికి చూసి కొంటారా అవ్వా ఎవరన్నా? పెండ్లికూతుర్ని కూడా ఇంత పరీక్ష చెయ్యరు."

"పెండ్లికూతురు రంగు దిగితే మొగుడు సర్దుకుంటాడు. దీని రంగు దిగితే నా పరువు సర్దుకోదు. కొయ్యి."

కోసినాడు. దాన్ని మూడు రకాల సబ్బులతో ఉతికి, తెల్ల పేలిక మీద పెట్టి పిండి చూసి, మళ్లీ పోయి కొన్నాను.

పాలెగాడి కోటును రెండుగా విడదీసినాను. ఒళ్లు వేరే, సొమ్ము వేరే. ఒంటికి తగిలే కోటంతా నూలు, మెషీను కుట్టుతో వేసిన పూలు, ఒక్క చమ్కీ అంటించలేదు. భుజాల మీది బంగారు రెక్కలు, రొమ్ము మీది పతకం పట్టీ, నడుం పట్టీ, ఇవన్నీ రెగ్జీనుతో చేసి, టిచ్ బటన్లతో తగిలించేట్టు పెట్టినాను. ఉతికేటప్పుడు టప్ టప్ మని పీకి, తడిగుడ్డతో తుడిచి పక్కన పెడితే చాలు. చంకల కింద రెండు మెత్తని గుడ్డలు, అవీ బటన్లతో ఊడొస్తాయి. లోపల వేసుకునేదానికి పల్చని చొక్కా. చెమటంతా దాని మీదకే పోతుంది. స్టేజీ మీద లైటు పడితే అంటించిన బంగారమేదో కుట్టిన బంగారమేదో నా కంటికే తెలీదు, చాప మీద కూచున్నోళ్లకు ఏం తెలుస్తుంది?

ఇంక ఆ ఆదివారం. పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కి, సంచి ఒళ్లో పెట్టుకొని నంద్యాలకు దిగినాను. పోయేసరికి వసారాలో ఒక కొత్త మనిషి కూచొని ఉంది. పక్కన బ్యాగు. కర్నూలు నుంచి వచ్చిన ఆమె. అంటే మేస్త్రి ముందే పిలిపించేసినాడు. నా బిడ్డ లాంటి నంద్యాల ఆమె ఎదురు గోడకు ఆనుకొని నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడంలేదు.

"ఇట్లియ్యి అక్కా" అని మేస్త్రి నా చేతిలో సంచి తీసుకొని, డ్రెస్సుల పెట్టె ఉన్న గదిలోకి పోయినాడు. చూసుకునేదానికి పోయినాడనుకున్నా. ఈలోగా తబలా ఆయన టీ తెప్పించినాడు. తాగుతాండంగా మేస్త్రి కోటు, రవిక చేతుల మీద వేసుకొని బయటికొచ్చినాడు.

"కుట్టు బాగుంది" అన్నాడు. "కానీ ఇది వేషం కాదక్కా. బట్ట. అంగట్లో దొరికే బట్ట. వేషం వేరే."

పాలెగాడి వేషం కట్టే ఆయనకు నంద్యాలలోనే ఎరువుల అంగడి. మంచి గొంతు. గొంతు ఎంత పెద్దదో పట్టుదల అంత పెద్దది. ఆయన కోటును రెండు వేళ్లతో ఎత్తి చూసినాడు.

"రోజూ ఉతికే కోటేసుకొని కోటలోకి ఎట్ల నడవాల అవ్వా? ఆ రాజసం వస్తుందా?"

"పాత కోటేసుకొని నువ్వు నడిస్తే ముందు వాసన వస్తాది, ఎనక నువ్వొస్తావు" అన్నాను. "దాన్ని రాజసమంటే నేనేం చెప్పేది?"

తబలా ఆయన టీ పొలమారి దగ్గినాడు.

"నవ్వులాట కాదు" అన్నాడు మేస్త్రి. "ఒక్కసారి ఉతికితే ఇది గుడ్డపేలిక. అప్పుడు తిరునాళ్ల నడుమ నేనేం చెయ్యాల? పాత రవికుంది. తొడిగేటోళ్లు కడతారు. తొడగనోళ్లు..." అని వసారాలో కూచున్న కర్నూలు ఆమె పక్క చూసినాడు.

అప్పుడు మాట్లాడింది ఆమె. గోడ వదిలి ముందుకొచ్చింది.

"మేస్త్రీ, ఈడే, ఇప్పుడే ఉతుకుదాం. రంగు దిగినా, ముడుచుకున్నా నేను పోతా. ఆ వేషం ఈ అక్కకు ఇయ్యి. నేను మళ్లీ అడగను. దిగకుంటే వేషం నాది, బట్ట ఇదే, ఆట ఆటకూ ఉతకాల. అందరివీ."

పందెం వేసింది తను, బట్ట నాది. నేను తనకు మొగం చూపకుండా కోటు తీసుకొని, భుజాల రెక్కలు, పట్టీలు టప్ టప్ మని పీకి మేస్త్రి ఒళ్లో పడేసి, పెరట్లోకి నడిచినాను. బకెట్ పెట్టినాను. ముంచినాను. పదిన్నర.

పైన మిద్దె మీద నుంచి ఇంటామె వంగి చూస్తాంది. "ఏందమ్మా, రాజుకు తలంటు పోస్తాండారా?" అనింది.

సబ్బు పట్టించినాను. కాలర్ కాడ, అంచుల కాడ గట్టిగా రుద్దినాను. ఎత్తి పిండితే నీళ్లు ఎర్రగా కారినాయి.

ఎర్రగా. మెరూన్ కోటు, ఎర్ర నీళ్లు.

"దిగె!" అని మేస్త్రి చప్పట్లు కొట్టినాడు. "దిగె రంగు! చెప్తే వినలేదు. చూడండప్పా, అందరూ చూడండి!"

నా చేతులు సబ్బు నురగలో ఆగిపోయినాయి. మూడు సబ్బులతో ఉతికిన గుడ్డ అది. తెల్ల పేలిక మీద పిండిన గుడ్డ. అంగడాయన గుడ్డ మార్చినాడా? మార్చలేదే. నా చేత్తోనే కోసుకున్నానే. నేను ఆ నీళ్లనే చూస్తాండా. పాలెగాడాయన "అయ్యో పాపం" అన్నాడు, నిజంగానే. కర్నూలు ఆమె లేచి నిలబడింది. నా బిడ్డ మొగంలోకి నేను చూడలేదు. చూస్తే ఆ బకెట్ మేస్త్రి నెత్తిన కుమ్మరించేదాన్ని.

ఆమె మాత్రం నా పక్కన గొంతుకూర్చుంది. ఇంకో బకెట్ లాక్కొని, తన రవిక ముంచి, నా చేతిలోని సబ్బే తీసుకొని పిసికింది. ఎందుకు చేసిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఎట్లాగూ పొయ్యేదే కదా, అదీ చూసి పోదాం అనుకుందేమో. పిసికి, పిండింది.

ఆ నీళ్లూ ఎర్రగా కారినాయి.

ఆమె రవికను ఎత్తి ఎండకు పట్టుకుంది. ముదురు ఆకుపచ్చ.

"మేస్త్రీ" అనింది మెల్లగా. "పచ్చ గుడ్డలోంచి ఎర్ర నీళ్లు యాన్నుంచి వస్తాయి?"

రవిక అంచు తిరగేసింది. మూల మీద, లోపలి పక్క, వేలితో అద్దినట్టు ఒక మచ్చ. సబ్బు తగిలి ఎర్రబడిన మచ్చ. నేను కోటు కాలర్ తిరగేసినాను. ఆడా ఒకటి. కింది అంచుకు రెండు పక్కలా ఒక్కోటి.

పసుపు. కూర మరకకు సబ్బు పెడితే ఎట్లా ఎర్రబడుతుందో ఇంట్లో వంట చేసే ప్రతి ఆడదానికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ మా ఇండ్లలో కొత్త బట్టకు పసుపు పెట్టం. నేను కుట్టిన కోటుకు పసుపు ఉంటుందని నాకెట్లా తడుతుంది?

"ఎవరు పెట్టినారు పసుపు?" అన్నాను.

తబలా ఆయన మేస్త్రి చేతి పక్క చూసినాడు. అందరం చూసినాం. చూపుడు వేలు, బొటనవేలు పచ్చగా ఉన్నాయి.

"కొత్త బట్ట కదా" అన్నాడు మేస్త్రి. గొంతు తగ్గింది. "పెట్టె కాడ పెట్టినా. పసుపు కనపడింది. చెయ్యి అట్లే పోయింది. కొత్త వేషానికి పసుపు పెట్టకుండా ఎట్లా తొడిగించేది?"

నేను లేచినాను. మోకాళ్లు పట్టుకుపోయినా లేచినాను.

"ఏమన్నావప్పా? మళ్లీ చెప్పు. కొత్త దేనికి?"

ఆయన పచ్చటి వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు.

"వేషానికి అన్నావు. బయటికొచ్చి ఇది వేషం కాదు, అంగడి బట్ట అన్నావు. లోపల మాత్రం పెట్టె ముందర పెట్టి, పసుపు పెట్టి, దండం కూడా పెట్టింటావు. అంగడి బట్టకు దండం పెడతావా నువ్వు? నీ చెయ్యి ఎప్పుడో ఒప్పుకుంది. నోరే అడ్డం తిరుగుతాంది."

"దండం పెట్టినావా మేస్త్రీ?" అన్నాడు పాలెగాడాయన.

"అలవాటు" అన్నాడు మేస్త్రి.

అప్పుడు కర్నూలు ఆమె నోరు తెరిచింది. వచ్చినప్పటి నుంచి అదే మొదటి మాట. "నన్ను పిలిచింది ఆ పాత రవిక తొడిగేదానికా? ఫోన్లో ఆ మాట చెప్పలేదే. నాకూ ఒళ్లుంది కదప్పా. తొడిగితే ఈ ఉతికేదే తొడుగుతా, లేకుంటే నా బస్సు నాకుంది."

మేస్త్రి ఆమెను చూసి, నన్ను చూసి, బకెట్లు చూసినాడు. ఎవరిమీద అరవాలో తెలీలేదు ఆయనకు.

రెండింటినీ మంచినీళ్లలో జాడించినాం. రెండో నీళ్లు కొంచెం ఎర్రగా, మూడో నీళ్లు తేటగా. మూడో నీళ్లను ఒక గ్లాసులో ముంచి మేస్త్రి ముందర పెట్టినాను. "తాగమనను. చూడు" అన్నాను. చూసినాడు. బండ అప్పటికే కాలుతాంది. దాని మీద కోటునూ రవికనూ పరిస్తే, నంద్యాల ఎండకు అటు తిప్పి ఇటు తిప్పే లోపల ఆరిపోయినాయి. లేసు గుంజుకోలేదు. రంగు అంతే ఉంది. పసుపు మచ్చ లేతగా మిగిలింది, ఇంకో ఎండకు అదీ పోతుంది.

పాలెగాడాయన చొక్కా విప్పి, లోపలి చొక్కా వేసుకొని, కోటు తొడిగినాడు. రెక్కలు నేనే తగిలించినాను. పెరట్లో అటొక నాలుగు అడుగులు, ఇటొక నాలుగు అడుగులు వేసి, చెయ్యెత్తి ఒక పద్యం ఎత్తుకున్నాడు. మిద్దె మీద ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూసింది. పద్యం ఆపి, చంక కాడ వాసన చూసుకొని, "సబ్బు వాసన అవ్వా" అన్నాడు, ఏదో కొత్త ఊరు చూసినట్టు.

"అది రాజసం వాసన. అలవాటు చేసుకో" అన్నాను.

మేస్త్రి నాకు క్షమాపణ చెప్పలేదు. నేను అడగలేదు. ఆయన వసారాలోకి పోయి హార్మోనియం ముందర కూచొని, మొగం గోడ పక్కకు తిప్పుకొని, "ఏమ్మా, కోట గుమ్మం సీను. రా. కత్తి పట్టుకో" అన్నాడు. పేరు పెట్టి పిలవకపోయినా ఎవరిని పిలిచినాడో అందరికీ తెలుసు. నా బిడ్డ ఆరిన రవికను మడిచి చంకన పెట్టుకొని పోయింది. పోతా పోతా నా పక్క ఒక చూపు చూసింది. దాన్ని రాసేదానికి నాకు ఇంకా అక్షరాలు చాలవు.

కర్నూలు ఆమె పొయ్యే ముందు తన కొలతలు తీయించుకొని పోయింది. ఆ ఎండాకాలమంతా పాలెగాడి భార్య గుమ్మంలో కత్తి పట్టుకొని నిలబడింది. ఆట ఆటకూ ఉతికిన రవికలోనే నిలబడింది. ఇప్పటికీ కొన్ని ఊర్లలో మా బట్టలు చూసి, కళ లేదంటారు. అననీ. వాళ్ల పెట్టె మూత తీసి ముక్కు పెట్టి రమ్మనండి, తర్వాత మాట్లాడుదాం. నేను ఉతుకుతాండా. ఉతుకుతానే ఉంటా.

ఇదంతా జరగలేదని, ముసలిది కల్పించిందని ఎవరన్నా అంటే, ఆ పొద్దు ఆ పెరట్లో ఎవరెవరున్నారో రాస్తాండా, పోయి అడగండి. పేర్లు రాయను, ఎవరికి వాళ్లు తెలుస్తారు. వేలికి పసుపంటిన హార్మోనియం మేస్త్రి. ఎరువుల అంగడి పాలెగాడు. టీ పొలమారిన తబలా ఆయన. మిద్దె మీద ఇంటామె. కర్నూలు నుంచి బ్యాగుతో వచ్చిన ఆమె. పాలెగాడి భార్య. నేను.